నీళ్ళ పిలుపు

నాకు మేకలను నీళ్ళకు పిలవడం వచ్చు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక దాచడం ఎక్కువ రోజులు కుదిరేలా లేదు కాబట్టి, కుప్పంలో ఆసుపత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాసుకుంటున్నాను.

మదనపల్లెలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో నా గొంతు విన్నవాళ్ళే తక్కువ. ఫోను మోగితే పక్క సీటావిడ వైపు జరుపుతాను. ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లలు నేను చెప్పేది వినపడక అద్దానికి ఉన్న కంతలో చెవి పెడతారు. "ఈ పాప నోరు తెరిస్తే వాన పడతాది" అని మా సూపరింటెండెంటు అందరి ముందూ అంటాడు. నవ్వి ఊరుకుంటాను. సాయంత్రం ఇంటికి వచ్చి డైరీ రాసుకుంటాను. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం కళ్ళు మూతపడే దాకా చదివి దిండు కింద పెట్టుకుంటాను. అలాంటి నేను కొండమీద నిలబడి అవతలి చరియకు వినపడేట్టు పిలవగలనంటే మా నాన్న కూడా నమ్మడు.

మా ఇంట్లో అసలు మేకల మాటే రాదు. మా అవ్వ, అంటే నాన్న వాళ్ళమ్మ, మేకలు కాసింది, కూలికి పోయింది. మా వంశంలో నెల జీతం మొదట తీసుకున్నది నాన్న. ఆ తర్వాత ఆయన మేకల వాసన కూడా తలుచుకోవడానికి ఇష్టపడలేదు. నాన్న అక్క, మా పెద్దత్త మాత్రం మేకలను వదల్లేదు. పుంగనూరు దిక్కున కొండ కింద పల్లెలో ఆమె, మామ ఉంటారు. మామ టమాటా టెంపో తోలుతాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఎండాకాలం సెలవులకు నన్ను అక్కడికి పంపేవాళ్ళు. "పాప చదువుకునేది. మేకల ఎనక తిప్పబాకు" అని నాన్న దిగబెట్టి పోతూ ప్రతిసారీ చెప్పేవాడు. అత్త బుద్ధిగా తలూపేది. తెల్లారగానే నన్ను కొండ ఎక్కించేది.

మేకలను దొడ్లోకి తోలడానికి చప్పట్లు చాలు. పక్కకు మళ్ళించాలంటే దోటితో బండమీద తట్టాలి. దోటి అంటే కొమ్మలు వంచి ఆకు కోయడానికి కొనకు కొడవలి కట్టిన పొడుగు కర్ర. నీళ్ళకు మాత్రం గొంతుతోనే పిలవాలి. ఆ పిలుపు మా అవ్వది, అవ్వకు వాళ్ళమ్మ దగ్గర నుంచి వచ్చింది. గొంతు అడుగున మొదలై, నాలుక అదిరి, పైకి పోయి, పైన కాసేపు నిలబడి, ఉన్నట్టుండి తెగిపోతుంది. డైరీలో దాన్ని అక్షరాల్లో పెట్టాలని చాలాసార్లు చూశాను. రాదు.

ఆ పిలుపుకు ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళు లేనిచోట పిలవకూడదు. ఆటకు కూడా కూడదు. ఒకసారి వచ్చి నీళ్ళు లేక తిరిగిపోయిన మేక మళ్ళీ ఆ పిలుపుకు రాదని అత్త చెప్పేది. అందుకని నేను నేర్చుకునేటప్పుడు మేకలకు వినపడకుండా రాగులు పోసుకునే కాగులో తల పెట్టి పిలిచేదాన్ని. నా గొంతు నాకే గుమ్మని తిరిగొచ్చేది, ముక్కునిండా రాగుల వాసన. పిలుపు కుదిరిన రోజు అత్త బయట నుంచి కాగు మీద వేళ్ళతో తట్టి, "ఇది మాయమ్మ గొంతు" అంది. ఆ తర్వాతి ఎండాకాలాల్లో ఆమె పక్కన నిలబడి నేనే పిలిచేదాన్ని. డిగ్రీ అయ్యి ఉద్యోగంలో చేరాక పోవడం తగ్గింది.

పోయిన చలికాలంలో అత్త గొంతు బొంగురుపోయింది. మంచు పడనట్టుంది అనుకున్నారు. మిరియాల కషాయం తాగింది. ఎండాకాలం మొదలయ్యేసరికి గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. మాట చెవి దగ్గరికి వస్తేనే వినపడేది. ముద్ద మింగాలంటే ప్రతి ముద్దకూ నీళ్ళు కావాలి. మామ, నేను ఆమెను కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరు వయసులో ఉన్నాడు, నెమ్మదిగా చెప్పాడు. గొంతులో గడ్డ ఉంది. మాట పుట్టే భాగం మొత్తం తీసెయ్యాలి. ఊపిరికి మెడ దగ్గర దారి పెడతారు. మాట పోతుంది, ప్రాణం నిలుస్తుంది. ఆలస్యం చేస్తే రెండూ పోతాయి.

అత్త అంతా విని నా చెవిలో ఒకటి అడిగి, దాన్ని డాక్టరుకు చెప్పమంది. నేను గొణిగినట్టు చెప్పాను. "మాట ఒకటేనా, అరుపు గూడా పోతుందా అని అడుగుతోంది."

"అరుపు కూడా పోతుందమ్మా."

అత్త మామ వైపు తిరిగింది. "మాట పోతే పోయిందిలే. నీతో మాట్లాడింది సాలు." మామ నవ్వలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటే అత్తే సిగ్గుపడి తల తిప్పుకుంది.

ఆపరేషనుకు రమ్మన్న రోజు ఆమె పోలేదు. ఇంకో రోజు ఇచ్చారు, దానికీ పోలేదు. మేకలు ఇరవై చిల్లర ఉన్నాయి, వాటి సంగతి తేలకుండా రానంది. "సంతకు తోలితే ఒక పూటలో అయిపోతాది" అని మామ అన్నాడు. సంతలో ఎవరు కొంటారో అందరికీ తెలుసు.

"కోసేవోళ్ళకు ఇయ్యను. నా చెల్లెలికి ఇస్తా" అంది అత్త. చెల్లెలంటే మా చిన్నత్త. కొండకు అవతల పక్క, మదనపల్లె దిక్కున ఉంటుంది.

"అయితే టెంపోలో ఎక్కించి దింపొస్తా."

"టెంపోలో దిగిన మేకకు ఊరు తెలీదు, నీళ్ళు తెలీదు. తాడు ఇప్పితే కొండెక్కి ఈడికే వస్తాది. ఈడ నీళ్ళు యాడుండాయి. దోవలో సచ్చిపోతాది. నడిచిపోయి ఆడి నీళ్ళు తాగితే ఆడ నిలస్తాది."

ఫోనులో నాన్న గట్టిగా అరిచాడు. అత్త విన్నంతసేపు విని, ఫోను నా చేతికిచ్చి, నాతో చెప్పించింది. "నా మేకలు ఆడి దోనలో నీళ్ళు తాగినాయంటే మరసటి దినం కుప్పం వస్తా. తాగలేదంటే రాను. ఇంక నన్ను అడగబాకండి."

ఆమె చెప్పించిన మాటలో ఇంకో మాట ఉంది, అది నాన్నకు అందలేదు. ఆమెకు ఇక పిలిచే గొంతు లేదు. చిన్నత్త గొంతు ఆ మేకలకు తెలియదు. వాటికి ఇంకా గుర్తుండే గొంతు ఏదైనా ఉంటే అది నాదే. నేను సెలవు పెట్టాను. అత్తను ఆసుపత్రికి పంపడానికి సాయం పోతున్నానని ఇంట్లో చెప్పాను. అందులో అబద్ధం లేదు.

*

కొండకు ఈ పక్కన ఒక దోన ఉంది, ఆ పక్కన ఒక దోన ఉంది. దోన అంటే బండలో దానంతట అది ఏర్పడిన లోతైన గుంట. వానాకాలం నీళ్ళు ఎండాకాలం దాకా నిలుస్తాయి. రెండింటికీ మధ్య రెండు గట్లు, ఒక లోయ. దారి లేదు. ఒకరోజులో మనిషి పోగలడు కానీ మేకలు మేస్తూ పోవాలి కాబట్టి ఒక రాత్రి కొండమీద గడపాలి. నా ఆఫీసు బ్యాగులో రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, చెనిక్కాయలు, టార్చిలైటు పెట్టుకున్నాను. కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు నింపుకుని మోయగలిగినన్ని పెట్టుకున్నాను. అత్త భుజాన కప్పుకునే ఉన్ని కంబడి, చేతిలో దోటి, మెడకు తువ్వాలు.

పొద్దెక్కేసరికి మొదటి దోన చేరుకున్నాం. నా చిన్నప్పుడు అంచు దాకా నిండి, మేకల ముఖాలు అందులో కనపడేవి. ఇప్పుడు అడుగున పచ్చగా కాసిన్ని నీళ్ళు. మేకలు ఒకదాని వెనక ఒకటి దిగి మూతి పెట్టాయి. దాహం సగం కూడా తీరి ఉండదు, అడుగు బండ కనపడేసరికి అత్త దోటి అడ్డం పెట్టింది.

"ఇంక సాలు. మిగిలింది ఎలుగ్గొడ్డుకు, నక్కకు."

"ఇంకో దినం మేకలు రావు కదా అత్తా ఈడికి. తాగనీ."

"మనం రాము. అవి వస్తాయి గదా."

బయల్దేరే ముందు అలవాటు కొద్దీ మందను అదిలించబోయి ఆమె నోరు తెరిచింది. మెడలో నరాలు లేచాయి. చిల్లుపడిన సైకిలు ట్యూబులోంచి పోయినట్టు గాలి పోయింది. మంద ముందు నడిచే నల్లది తలెత్తింది. అత్త వైపు కాకుండా, ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చుట్టూ చూసింది. అత్త తువ్వాలు మెడకు బిగించి కట్టుకుని దోటితో బండమీద తట్టింది. మేకలు కదిలాయి.

మొదటి గట్టు దిగాక బోదగడ్డి నడుము దాకా వచ్చింది. మేకల వీపులు మాత్రమే కనపడేవి, కొన్నిచోట్ల అవీ కనపడేవి కావు. గడ్డి ఊగే దాన్ని బట్టి పోయాం. ముళ్ళకంప నా చున్నీని పట్టుకుంటే అత్త వెనక్కి వచ్చి విడిపించి, మళ్ళీ ముందుకు పోయేది. ఆమె పాదాలు బండను చూడకుండానే ఎంచుకునేవి. నావి చూసుకుని కూడా జారేవి. గుండు రాళ్ళ నీడలో ఆగినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు నోట్లో పోసుకుని, చాలాసేపు ఉంచుకుని, కళ్ళు మూసుకుని మింగేది.

"నీకు పెండ్లి సూస్తాండారంట" అంది ఒకచోట, నా చెవి దగ్గరికి వంగి.

"ఊఁ."

"పిల్లోడి ముందర నోరు తెరిస్తివా?"

"లేదు."

"మంచిపని జేసినావు. నీ గొంతు ఇనుంటే లేసి పరిగెత్తుండును." భుజాలు ఊగేట్టు నవ్వింది. శబ్దం లేని నవ్వు. ఆ నవ్వు శబ్దం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి చూశాను.

"రేపు దోనకాడ పిలస్తావు గదా?"

"పిలుస్తా."

"సిగ్గుపడబాకు. సిన్నది నవ్వతాది. నవ్వనీ. దాన్ని సూడబాకు, మేకల్ని సూడు."

పొద్దు వాలేసరికి రెండో గట్టు మీదికి ఎక్కుతున్నాం. ఏటవాలు బండ, నున్నగా, కింద వైపు ఉన్నట్టుండి తెగి లోయలోకి పడుతుంది. మేకలు బండ మీద పరుచుకుని గుబురుల్లో ఆకు పీకుతున్నాయి. పైనున్న పొదలోంచి అడవిపంది లేచింది. అది మా జోలికి రాలేదు, దాని దారిన అది పోయింది. కానీ మేకలు బెదిరి ఒక్కసారిగా కిందికి తిరిగాయి, బండ తెగిపోయే వైపుకు.

అత్త దోటితో బండను కొట్టింది. గిట్టల చప్పుడులో అది కలిసిపోయింది. చప్పట్లు కొట్టింది. తర్వాత దోటి పడేసి రెండు చేతులూ ఎత్తి నోరు తెరిచింది. మెడ మొత్తం కదిలింది. ఏమీ రాలేదు. పిల్లమేక ఒకటి బండ మీద మోకాళ్ళు మడిచి జారడం చూశాను.

నేను పిలిచాను.

ఏ పిలుపో ఆలోచించలేదు. నాకు వచ్చింది అదొక్కటే. కాగులో నేర్చుకున్న గొంతు, ఆ చరియకు తగిలి, ఈ చరియకు తగిలి, నాకంటే పెద్దదై తిరిగొచ్చింది. నల్లది అంచుకు ముందు ఆగింది. తలతిప్పి చూసింది. మళ్ళీ పిలిచాను. అది పైకి ఎక్కడం మొదలుపెట్టింది. దాని వెనక మిగతావి. జారిన పిల్ల కూడా లేచి వచ్చింది. అన్నీ పరుగెత్తుకుంటూ వచ్చి మా ఇద్దరి చుట్టూ చేరాయి.

నాకు సంతోషంగా ఉంది. అత్త కూడా సంతోషిస్తుందనుకుని ఆమె ముఖం చూశాను. ఆమె మేకలను చూస్తోంది. అవి నా అరచేతులు నాకుతున్నాయి. బ్యాగులో మూతి పెడుతున్నాయి. దాహంతో ఉన్నాయి, నీళ్ళ పిలుపుకు వచ్చాయి, నీళ్ళెక్కడని అడుగుతున్నాయి. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. రేపు పొద్దున దోన దగ్గర ఏ పిలుపుకు అవి రావాలో, ఆ పిలుపును ఈ ఎండిన బండ మీద ఖర్చు పెట్టేశాను. అవి రాకపోతే అత్త ఆసుపత్రికి రాదు.

అత్త తిట్టలేదు. బండ మీద అటూ ఇటూ చూసింది. వానకు అరిగిన ఒక గుంట కనపడింది, అన్నం పళ్ళెమంత. అందులోని ఆకులు చేత్తో ఊడ్చి, కొంగుతో తుడిచి, నా బ్యాగు లాక్కుంది. సీసా మూత తిప్పి గుంటలో పోసింది. నల్లది మూతి పెట్టింది. రెండు గుక్కలు తాగగానే దాన్ని నెట్టి ఇంకోదాన్ని రానిచ్చింది. సీసా అయిపోతే ఇంకో సీసా తీసింది. చివరి సీసా తీసినప్పుడు నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మనకు అత్తా. రేపటి దాకా. నువ్వు ముద్ద ఎట్ల మింగుతావు?"

ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "నువ్వు పిలిస్తివి. అవి వచ్చినాయి." అంతే చెప్పి మూత తిప్పింది.

అన్నిటికీ దాహం తీరలేదు. కానీ ప్రతి మేకా నాలుక తడుపుకుంది. చివరి పిల్ల తాగాక తడి మాత్రమే మిగిలిన గుంటను నల్లది వచ్చి నాకి, నా వైపు ఒకసారి చూసి, పోయి పడుకుంది.

ఒక పెద్ద గుండు కింద మేము ఉన్నాం. సంగటి తీసి అత్త ముందు పెట్టాను. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది, మింగలేక మళ్ళీ చేతిలోకి తీసుకుని, దగ్గరున్న పిల్లమేకకు పెట్టింది. ఇంక తినలేదు. నేను కూడా తినకపోతే దోటి కర్రతో నా మోకాలి మీద తట్టింది, మేకను మళ్ళించినట్టు. నీళ్ళు లేకుండా నాకే గొంతు పట్టుకుంది.

"నేను తప్పు చేసినాను."

"నువ్వు పిలవకుంటే లోయలో పడుండును." కాసేపు ఊపిరి తీసుకుంది. "పిలిచి ఊరకుండుంటే తప్పు."

చీకట్లో ఆమె మాట వినాలంటే నా చెవి ఆమె నోటికి తగలాలి. అలాగే పడుకున్నాం, ఒకే కంబడి కింద. భయంగా ఉందా అని అడిగాను.

"నిద్దట్లో నేను పిలస్తానంట, మీ మామ చెప్తాడు. ఆయప్ప ఉలిక్కిపడి లేసి కూసుంటాడు. ఇన్నేండ్లూ సరిగ్గా నిద్దర పోలే పాపం. ఇంక బాగా పోతాడులే."

కంబడి కింద ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాను. అరచెయ్యి బండలాగా గరుకుగా ఉంది. ఆమె వేళ్ళు నా చేతి మీద, ఎప్పుడో కాగు మీద తట్టినట్టు, నెమ్మదిగా తట్టాయి. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

*

తెల్లవారుతుండగానే నడక మొదలుపెట్టాం. నాలుక అంగిలికి అంటుకుపోయింది. అత్త నడక మెత్తబడింది, దోటిని ఊతకర్రగా పట్టుకుంది. గట్టు దిగి మలుపు తిరగ్గానే, పైన బండ చూరులాగా వంగినచోట, దాని నీడలో రెండో దోన కనపడింది. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. పక్కన చిన్నత్త నిలబడి ఉంది. ముందురోజే వచ్చి రాలిన ఆకులన్నీ తీసేసి, దోనను శుభ్రం చేసిపెట్టింది.

ఆమె అక్కను పైనుంచి కింద దాకా చూసింది. అక్క సగమైపోయిందని అనుకున్నట్టు చిన్నత్త ముఖంలోనే తెలిసింది. తర్వాత తన మామూలు పెద్ద గొంతుతో అంది. "ఏం మే, ఈ పాపనా పిలిచేది? పెండ్లిసూపుల్లో దీని పేరు గూడా వాళ్ళ నాయినే చెప్పినాడంట."

అత్త ఆమె చెవి దగ్గరికి పోయింది. "నిన్న సందేళ కొండంతా విన్నాది. నీకే చెవుడు."

అత్త నీళ్ళ దగ్గరికి పోలేదు. మేకలు తాగకముందు తాను తాగదు. చిన్నత్త చెంబు ముంచి ఇస్తే తల అడ్డంగా ఊపి, నన్ను చూసింది. మేకలు పైన అంచు మీద ఆగిపోయాయి. కొత్త చోటు. అక్కడి నుంచి వాటికి నీళ్ళు కనపడవు.

నేను పిలిచాను. ఎండిన గొంతు మధ్యలోనే పగిలిపోయింది. మేకలు తలలెత్తాయి. ఒక్కటీ కదల్లేదు. నల్లది కిందికి చూస్తూ నిలబడింది.

"రావు మే ఇవి" అంది చిన్నత్త, మెల్లగా.

అత్త నేల వైపు చూస్తోంది. దోటిని రెండు చేతులతో పట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి, కదలకుండా ఉంది. ఆమె ఇప్పుడు తల తిప్పి మేకలను వెనక్కి మళ్ళిస్తే, అదే దారిన తిరిగి పోతుంది. కుప్పం రాదు. ఆమెను ఎవరూ ఒప్పించలేరు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు పూడుకుపోతుందని మింగుకున్నాను. వాళ్ళిద్దరికీ వీపు తిప్పాను. మేకలను మాత్రమే చూశాను. గొంతు అడుగు నుంచి మొదలుపెట్టాను.

ఈసారి తెగలేదు. పైకి పోయి, నిలబడాల్సినంత సేపు నిలబడి, తెగాల్సినచోట తెగింది. బండచూరు కింద నుంచి అది నా అవ్వ గొంతులాగా తిరిగొచ్చింది. నేను అవ్వను ఎన్నడూ చూడలేదు.

నల్లది ముందు కాలు కిందికి పెట్టింది. ఆగింది. ఇంకో కాలు పెట్టింది. తర్వాత నేరుగా నా దగ్గరికి వచ్చి, నన్ను దాటి, దోన అంచున మోకాళ్ళు వంచి మూతి పెట్టింది. అది తాగే చప్పుడు విని మిగతావన్నీ దిగాయి.

అవి తాగుతుండగా చిన్నత్త వాటి పక్కన చేరి అదే పిలుపు పిలిచింది, బిడ్డను జోకొట్టినట్టు చిన్న గొంతుతో. కొన్ని తలెత్తి ఆమెను చూశాయి, మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టాయి. ఆమె మళ్ళీ మళ్ళీ పిలుస్తూనే ఉంది. ఆ గొంతూ ఆ నీళ్ళూ వాటికి ఒకటి కావాలని.

అన్నీ తాగాకే అత్త అంచున కూర్చుంది. చెంబుతో తాగలేకపోయింది. తువ్వాలు కొన నీళ్ళలో ముంచి నోట్లో పెట్టుకుని పీల్చింది. చాలాసేపు అలా ముంచుతూ పీలుస్తూ కూర్చుంది. లేచాక నల్లదాని చెవిలో పట్టిన గోమారిని వెతికి పీకి పారేసింది. దోటిని చెల్లెలి చేతిలో పెట్టింది. కొండ దిగి రోడ్డు చేరేదాకా వెనక్కి తిరగలేదు. మేకలు అరుస్తాయేమోనని నేను చెవులు రిక్కించుకునే నడిచాను. అరవలేదు.

మరుసటి రోజు ఆమె మాట ప్రకారం కుప్పం బయల్దేరాం. నాన్న కూడా వచ్చాడు. బస్సులో ఉండబట్టలేక అడిగాడు. "గొంతు లేకుండా ఎట్ల పిలిస్తివక్కా? ఎట్ల వచ్చినాయి?"

అత్త నన్ను చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"నీళ్ళుండాయి. వచ్చినాయి" అంది అత్త.

ఆపరేషను రోజు పొద్దున నర్సమ్మ అంతా వివరంగా చెప్పింది. ఆపరేషను అయ్యాక కొన్ని రోజులు నోటితో ఏమీ తీసుకోకూడదు. ముక్కులోంచి గొట్టం వేస్తారు, పాలైనా గంజైనా దాంట్లోనే. నీళ్ళు కూడా నోట్లో ఒక్క చుక్క పోయకూడదు, లోపల కుట్లు మానాలి. ఎంత అడిగినా ఇవ్వొద్దని నాన్నకు, మామకు గట్టిగా చెప్పింది.

ఆపరేషను అయ్యింది, బాగా జరిగిందన్నారు. మెడ దగ్గర పెట్టిన దారిలోంచి ఊపిరి తీసుకుంటూ అత్త లోపల పడుకుని ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూస్తుంది, పెదవులు తడుపుకుంటుంది, ఏమీ అడగదు. చిన్నత్త రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. మేకలు అక్కడే ఉన్నాయి, ఆమె పిలుపుకు దిగుతున్నాయి. నేను ఆ మాట అత్త చెవిలో చెప్తాను. వార్డులో ఇంకా చాలామంది ఉన్నారు. గొంతు పెంచి మాట్లాడితే అందరూ తిరిగి చూస్తారు. నీళ్ళు ఎప్పుడు తాగొచ్చో రేపో ఎల్లుండో వచ్చి చూసి చెప్తానని డాక్టరు అన్నాడు. బ్యాగులో సీసా నింపి పెట్టుకున్నాను.

ఆ రోజు పొద్దున ఆపరేషనుకు ఆమెను తోపుడుబల్ల మీద పడుకోబెట్టి తీసుకుపోయేటప్పుడు, తలుపు దగ్గర వాళ్ళను ఆగమని చెయ్యి ఎత్తింది. నాన్న వంగబోతే కాదని, నన్ను రమ్మంది. చెవి ఆమె నోటికి ఆనించాను. గాలి తప్ప గొంతు లేని మాట, కానీ ప్రతి అక్షరమూ వినపడింది.

"నీళ్ళు తాగొచ్చని వాళ్ళు చెప్పిన దినం నన్ను పిలు పాపా. అంతకు ముందర పిలవబాకు."